శంఖశాలలో దాచిన మాట

ఇంగలీక చుక్క మీద రాత్రి అనేది లేదు. తెల్లసూర్యుడు పడమటికి వాలే వేళకు ఎర్రసూర్యుడు తూర్పున తల ఎత్తుతాడు. ఎర్రవాడు అలిసిపోయే వేళకు తెల్లవాడు మళ్ళీ సిద్ధంగా ఉంటాడు. ఆ ఇద్దరి వెలుగులో రాజధానీ నగరం ఒక పూట వెండిపళ్ళెంలా, ఒక పూట రాగిచెంబులా మెరుస్తుంది. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికొక రంగు రాయి. బురుజుల మీద స్ఫటికపు గుమ్మటాలు. గుమ్మటాలకు పైన ఆకాశపు రేవు. పన్నెండు చుక్కల రాజ్యాల నుంచి చుక్కగాలికి తెరచాపలు ఉబ్బించుకుని వచ్చిన గగననావలు అక్కడ కొంగల బారులా ఆగి ఉంటాయి. రేవుమెట్ల మీద నీలి తోలువాళ్ళు, పొలుసుల చేతులవాళ్ళు, మూరెడు చెవులవాళ్ళు కిటకిటలాడుతుంటారు. ఎవరు ఎవరిని పలకరించినా ఒకే భాషలో పలకరిస్తారు. దాని పేరు పొత్తుమాట.

అంత వెలుతురులో, ఎనిమిది వందల మంది కావలివాళ్ళ కళ్ళ ముందు, నీలాంకుడు శంఖశాలలో దొంగతనానికి బయలుదేరాడు.

నీలాంకుడు రాజకుమారుడు కాడు. తంగేటిచుక్క రేవులో నావల తాళ్ళు పేనే ఇంట్లో పుట్టాడు. పసితనంలోనే అమ్మా నాన్నా పోతే అక్క పోలాంబ సాకింది. పద్ధెనిమిదేళ్ళ వయసులో వాడికి పొత్తుమాటలో రాజ్యాల మధ్య మాట నడిపే దుబాసి కావాలన్న పిచ్చి పట్టింది. పన్నెండు రాజ్యాల్లో దుబాసి లేనిదే సంధి కుదరదు, బేరం తెగదు, పెళ్ళి నిశ్చయం కాదు. పట్టు తలపాగా, వెండి పాంకోళ్ళు, నావలో ముందు వరస.

అయితే దానికొక షరతు ఉంది. పొత్తుమాట నేర్చుకునేవాడు తన తల్లిమాటను శంఖంలోకి దింపి, శంఖశాలకు అప్పగించి వదులుకోవాలి. తల్లిమాట ఉన్నవాడు ఎప్పటికైనా తనవాళ్ళ వైపు మొగ్గుతాడని, అది లేనివాడే తక్కెడముల్లులా నిటారుగా నిలబడతాడని ఆస్థాన మాంత్రికుడు శంఖపాలుడు చెప్పాడు. చక్రవర్తి ప్రతాపధవళుడు మెచ్చుకుని శాసనం వేయించాడు. పన్నెండేళ్ళు కొలువు చేస్తే ఎవరి శంఖం వాళ్ళకు తిరిగి ఇస్తారు. అందుకే పన్నెండు చుక్కల్లో ఎక్కడ వెతికినా, పొత్తుమాటా తల్లిమాటా రెండూ వచ్చినవాడు ఒక్కడు దొరకడు.

నావ ఎక్కిన రోజున నీలాంకుడు కళాసుల దగ్గర ఏరుకున్న నాలుగు పొత్తుమాట ముక్కలు గొప్పగా విసిరి, అక్కకు ఆ భాషలోనే వీడ్కోలు చెప్పాడు. పోలాంబకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా నవ్వింది. నావ మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉందని పక్కనున్న ప్రయాణికుడు చెప్పాడు. నీలాంకుడు మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

ఏడేళ్ళ తరవాత ఆమెను మళ్ళీ చూశాడు. సంకెళ్ళలో చూశాడు.

చక్రవర్తి ఒక్కగానొక్క కూతురు హేమరేఖ కనబడకుండా పోయి ఇరవై అయిదు రోజులైంది. ఆమె నావ చివరిసారి కనిపించింది తంగేటిచుక్క రేవులో. ఆ నావ వెనకనే వచ్చిన రాజనావను రేవుకాపరి ఆడది కట్టుతాడు తెగనరికి ఒడ్డుకు రానివ్వలేదు. అప్పటి నుంచి యువరాణి ఆచూకీ లేదు. ఆ రేవుకాపరి పోలాంబే.

విచారణ మూడు రోజులు నడిచింది. ఆ చుక్కవాడే కదా, ఒక్క ముక్కైనా గుర్తుండకపోతుందా అని దుబాసిగా నీలాంకుణ్ణి నిలబెట్టారు. పోలాంబ తమ్ముణ్ణి చూసి మొదట మెల్లగా చెప్పింది. తరవాత గబగబా చెప్పింది. మూడోనాడు అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పింది. అక్క గొంతు తెలుసు, ఆ గొంతులో తొందర తెలుసు, మాట మాత్రం తెలియదు. నాకు అర్థం కావడం లేదు ప్రభూ అని మూడు రోజులూ అదే మనవి చేశాడు. సభలో కొందరు నవ్వారు కూడా. చక్రవర్తి వీడి శంఖం తెప్పించమని అడిగితే, గడువుకు ముందు తీస్తే ఆ మాట విషమవుతుందని, అయినా శాసనం మీద ఉన్నది తమ ముద్రేనని శంఖపాలుడు వినయంగా చెప్పాడు. చక్రవర్తి తల వంచుకున్నాడు. ఎర్రసూర్యుడు రేవుస్తంభం మీదికి రాగానే పోలాంబను తెడ్లు లేని నావలో కూర్చోబెట్టి, పోయినవాళ్ళెవరూ తిరిగిరాని ఆకాశపు సుడిలోకి తోసెయ్యాలని తీర్పయింది.

తీర్పు చెవిన పడ్డ గడియలోనే నీలాంకుడు మీసం గొరిగించుకున్నాడు.

శంఖశాలలోకి వెళ్ళేది శంఖాలు తుడిచే ఆడవాళ్ళు మాత్రమే. గోధుమరంగు చీరలు, ముక్కు మీదిదాకా ముసుగు, చేతిలో నెమలీకల కుంచె, చెవుల్లో మైనం. లోపలి గొంతులు వినబడకూడదని ఆ మైనం. కావలివాళ్ళు వాళ్ళ మొహాలు చూడరు, లెక్కపెట్టరు. నీలాంకుడు ముసుగు లాక్కుని వరసలో చివర చేరాడు.

శంఖశాల చుట్టూ పాదరసపు కందకం. కందకం మీద గజ్జెల వంతెన. పలకకు నూరు గజ్జెలు. కింద పాదరసంలో చెవిమొసలి ఉంటుంది. దానికి కళ్ళు లేవు. చేటలంత చెవులున్నాయి. ఒక్క గజ్జె తప్పుగా మోగినా పైకి లేస్తుంది. తుడిచేవాళ్ళు ఎన్నో ఏళ్ళ అలవాటుతో, ముందు నడిచే మనిషి భుజం మీద వేలితో తాళం వేస్తూ, అందరూ ఒకే అడుగు వేస్తారు. అప్పుడు గజ్జెలన్నీ ఒకే ఒక్క మోతగా మోగుతాయి. మొసలికి అది వాననీటి చుక్క పడ్డట్టు ఉంటుందట, కదలదు.

నీలాంకుడి వెనక ఎవరూ లేరు. వాడి భుజం మీద తాళం వేసే వేలు లేదు. నడి వంతెన మీద అడుగు తప్పింది.

పాదరసం పొంగింది. వెండికొండలాంటి మొసలి దవడలు తెరుచుకుని వంతెన అంచును కొరికింది. వాడి ముందున్న తుడుపుమనిషి జారి కందకం వైపు వేలాడింది. నీలాంకుడు ఒక చేత్తో వంతెన తాడు, ఒక చేత్తో ఆమె జడ పట్టుకున్నాడు. కాలితో మొసలి ముక్కు మీద ఒక్క తాపు తన్ని, విరిగిన పలక నుంచి వేలాడుతున్న గజ్జెలపట్టీని అదే కాలితో బయటి గట్టు మీదికి ఎగదన్నాడు. పట్టీ ఘల్లుమంటూ రాళ్ళ మీద దొర్లింది. మొసలి చెవులు అటు తిరిగాయి. అది అటు దూకే లోపల వాడు ఆమెను పైకి లాగి లోపలి గుమ్మంలో పడ్డాడు. పడేటప్పుడు ముసుగు జారింది.

పడిపోయిన ఆ మనిషి ముసలిది. పేరు మైలమ. శంఖాలు తుడిచేవాళ్ళకు పెద్ద. మిగతావాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆగి, వాణ్ణి స్తంభం చాటుకు లాగి, తన చెవుల్లో మైనం తీసి పారేసి, వాడి చెవుల్లోదీ ఊడదీసింది.

"చీరకట్టు బానే ఉంది గాని, మీసం గొరిగినచోట ఇంకా పచ్చగా మెరుస్తోందయ్యా," అంది. "హడలిపోకు. అరిచేదాన్నైతే వంతెన మీదే అరిచేదాన్ని. ఎవరి శంఖం కోసం?"

"నాదే, అవ్వా."

"ఎన్నేళ్ళయింది ఇచ్చి?"

"ఏడు."

"ఇంకా అయిదేళ్ళేగా. ఆ మాత్రం ఆగలేవూ?"

"మా అక్కకు ఇంకో జాము కూడా లేదు."

మైలమ నిచ్చెన భుజాన వేసుకుని ముందు నడిచింది.

శంఖశాల లోపల గోడలు కనబడవు. నేల నుంచి కప్పుదాకా శంఖాలే. పాలతెలుపువి, గులాబీవి, పసికందు పిడికిలంతవి, ఏనుగు తలంతవి. ప్రతి శంఖానికీ రాగిరేకు మీద పేరు, చుక్క, ఇచ్చిన దినం. మైనం లేని చెవులకు అవన్నీ వినబడుతున్నాయి. ఒక దాంట్లో ఎవరో జోలపాడుతున్నారు. ఒక దాంట్లో అన్నదమ్ములు తిట్టుకుంటున్నారు. ఒక దాంట్లో ఒక పిల్ల ఎవరినో పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. ఏ భాషా అర్థం కాకపోయినా నీలాంకుడు తల పక్కకు వాల్చి ఆగిపోయాడు. మైలమ వాడి చెంప మీద ఒక్కటిచ్చి, మూలకు చూపించింది. అక్కడ నలుగురు మనుషులు తలలు పక్కకు వాల్చి, వింటూ వింటూ రాయైపోయి నిలబడి ఉన్నారు.

తంగేటిచుక్క వరస పైన ఉంది. నీలాంకుడు ఎక్కి తన పేరు చదువుకుని శంఖం దించాడు. అరచేతిలో ఇమిడేంత చిన్నది. పద్ధెనిమిదేళ్ళ బతుకంతా అందులో పట్టిందా అనిపించింది.

మైలమ వాడి చెయ్యి పట్టుకుంది. "కొన విరిచి తాగాలి. అయితే ఒకటి చెబుతా విను, నాయనా. ఇది లోపలికి వెళ్ళాక పొత్తుమాట మిగలదు. రాత కూడా పోతుంది, అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా కనబడతాయి. మళ్ళీ నేర్చుకుందామన్నా నోటికి పట్టదు."

"ఎవరన్నా తాగి చూశారా?"

"ఒకాయన రాజుగారి ఎదటే తాగాడు. వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఆయన మేకలా చూస్తూ నిలబడ్డాడు. అంత పెద్ద దుబాసి."

మరి మీ శంఖం ఏమైందని నీలాంకుడు అడిగాడు. తాను పన్నెండేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు చేశానని, తన శంఖం తనకిచ్చేశారని, బొడ్లో సంచి తడిమి చూపించింది. ఇచ్చిన ఏటనే తమ చుక్కకు వెళితే అక్కడ చిన్నా పెద్దా అంతా పొత్తుమాటే మాట్లాడుతున్నారట. తన మాట వచ్చినవాళ్ళు ఒక్కరూ బతికి లేరట. తాగితే తను ఎవరితో మాట్లాడాలి అని, చెంగుతో శంఖం మీద దుమ్ము తుడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

"శంఖపాలుడికి ఈ మాటలన్నీ వచ్చా, అవ్వా?"

"వాడికా? పొత్తుమాట తప్ప ఏదీ రాదు. అందరికన్నా ముందు సొంత శంఖం నేలకేసి కొట్టినవాడు వాడు."

అప్పుడే శాలలోని శంఖాలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. గుమ్మంలో శంఖపాలుడు నిలబడి ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి, మూడు పాయల గడ్డం, శంఖపు పెంకులు కుట్టిన తెల్లని అంగీ, చేతిలో దంతపు కోల. పొత్తుమాటను అల్లినవాడు వాడే గనక ఆ భాషలో వాడి ఆజ్ఞ వింటే చాలు, కోల ఎదటనున్నవాళ్ళ కాళ్ళకు సంకెళ్ళు పడినట్టే. వాడు కోల ఎత్తి నోరు తెరిచే లోపల మైలమ రెండు మైనపుముద్దలూ నీలాంకుడి చెవుల్లో కుక్కి వాణ్ణి కిటికీ వైపు తోసింది.

ఆమె చెవులు మాత్రం తెరిచే ఉన్నాయి. నీలాంకుడు కిటికీ ఎక్కి తిరిగి చూసేసరికి మైలమ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, కుంచెతో సహా, కదలకుండా నిలిచి ఉంది. కళ్ళు మాత్రం పో అంటున్నాయి. ఒక మంచి మాట చెప్పడానికి కూడా వీలు చిక్కలేదు. వాడు దూకాడు.

కిటికీ కింద జెండాతాడు. తాడు మీంచి గుమ్మటం, గుమ్మటం మీంచి జారి ఒక వర్తకనావ తెరచాపలో పడి, ఆ తెరచాప చింపుకుంటూ దిగి, మిరియాల బస్తాల మీద దొర్లి, నావ నుంచి నావకు గెంతుతూ ఆకాశపు రేవు చివరికి చేరాడు. వెనక కొమ్ములు ఊదుతున్నారు. ఎర్రసూర్యుడు రేవుస్తంభానికి బెత్తెడు దూరంలో ఉన్నాడు.

తెడ్లు లేని నల్లనావ సిద్ధంగా ఉంది. పోలాంబను అందులో కూర్చోబెట్టారు. తలవరి కత్తి పట్టుకుని తాడు దగ్గర నిలబడ్డాడు. చక్రవర్తి కిరీటం లేకుండా, చెప్పులు లేకుండా, గట్టు మీద ఒక రాయి పక్కన నిలబడి ఉన్నాడు. నెల కిందట ఆయనకు నెత్తి మీద ఒక్క తెల్లవెంట్రుక లేదు.

నీలాంకుడు చెవుల్లో మైనం పారేసి ఆయన కాళ్ళ ముందు పడ్డాడు.

"ప్రభూ, ఆమె మా అక్క. ఒక్కసారి ఆమె మాట విననివ్వండి."

అదే పొత్తుమాటలో వాడు పలికిన ఆఖరి మాట. అక్క ఏం చెబుతోందో తెలియకుండా మూడు రోజులు దుబాసిగా నిలబడి ఏం సాధించాను, ముందు తెలిస్తే తరవాత దారి అదే దొరుకుతుందని వాడు అనుకున్నాడు. శంఖం కొన పళ్ళతో విరిచి గొంతులో వంపుకున్నాడు.

అది తేనెలా లేదు, చేదుగానూ లేదు. ఎండాకాలం రేవుమెట్ల మీద తాళ్ళు తడిపిన నీళ్ళ వాసన వచ్చింది. చుట్టూ జనం గోల క్షణంలో కాకుల గోలైపోయింది. తలవరి ఏదో అరిచాడు. అది అరుపే గాని మాట కాదు. వాడు నావ అంచు పట్టుకుని వంగాడు.

"అక్కా. నేనే. ఇప్పుడు చెప్పు."

పోలాంబ మొహం దీపంలా వెలిగింది. "అమ్మయ్య, నోరు విప్పావా. నన్నెరగనట్టు ఎంత బాగా నటించావురా. సరే, రాజుకు చెప్పేశావా?"

"ఏం చెప్పాలి?"

"అదేంట్రా. మూడు రోజుల నుంచీ నీతో చెబుతున్నది ఏంటి?"

నీలాంకుడు శంఖం సంగతి చెప్పాడు. దుబాసి కావడానికి ఏమిచ్చాడో ఏడేళ్ళ తరవాత మొదటిసారి అక్కకు చెప్పాడు. ఆమె నమ్మలేనట్టు చూసింది. నా తమ్ముడికి నా మాట రాకపోవడమేమిటి అనుకుందట. ఆ తెల్లంగీవాడు రాజు పక్కనే ఉన్నాడు గనక భయపడి తెలియనట్టు ఊరుకుంటున్నాడు, రాజు ఒంటరిగా దొరికినప్పుడు చెవిలో వేస్తాడు, అనే ధైర్యంతోనే అన్నీ వివరంగా, దారి గుర్తులతో సహా, వాడికి చెబుతూ వచ్చిందట. అందుకే వేరే ఎవరికీ సైగ చేసి చూపించే ప్రయత్నమైనా చెయ్యలేదట.

"ఇప్పుడు వాళ్ళ మాట నీకు వచ్చా?" అని అడిగింది మెల్లగా.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఎంత పని చేశావురా," అంది. అంతకన్నా తిట్టలేదు. గబగబా చెప్పింది. యువరాణి బతికే ఉంది. శంఖపాలుడు ఆమెను పెళ్ళాడి గద్దె ఎక్కాలని వెంటపడితే నావలో పారిపోయి తంగేటిచుక్క చేరింది. ఆ పిల్ల మాట పోలాంబకు తెలియదు; తాళి, కిరీటం, మూడు పాయల గడ్డం అన్నీ సైగలతోనే చూపించింది. వెనకొచ్చే నావను చూపించి, పోలాంబ కొంగు పట్టుకుని, వెనక దాక్కుంది. దానికి మాటలెందుకు. పోలాంబ తాడు నరికి, పిల్లను చుక్కకు అవతలి వైపు ఉప్పుగుహలో దాచి, గుహ నోటికి బండ దొర్లించింది. నలభై రోజులకు సరిపడా తిండీ నీళ్ళూ పెట్టింది. బండ దొర్లించే కిటుకు తనకొక్కదానికే తెలుసు. ఇరవై ఎనిమిది రోజులు అయిపోయాయి.

నీలాంకుడు చక్రవర్తి వైపు తిరిగి నోరు తెరిచాడు. పన్నెండు రాజ్యాల సంధులు పలికిన నోట్లో ఒక్క మాట లేదు. చేతులతో పిల్ల ఎత్తు చూపించాడు, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఆకాశం వైపు చూపించాడు. గట్టు మీద కొందరు నవ్వారు. చక్రవర్తి నవ్వలేదు. ఒక అడుగు ముందుకు వేశాడు.

అంతలో జనాన్ని చీల్చుకుని శంఖపాలుడు వచ్చాడు. దంతపుకోల నీలాంకుడి వైపు చాచి ఏదో గర్జించాడు. ఆ భాష ఇక రాని నీలాంకుడి కాళ్ళకు సంకెల పడలేదు. వాడు నిలబడి ఉన్నాడు, నడిచాడు కూడా. ఆ తాటిచెట్టంత మనిషి మొహంలో మొదటిసారి భయం కనబడింది. అయితే తలవరి ఎర్రసూర్యుణ్ణే చూస్తున్నాడు. సూర్యుడు స్తంభం మీదికి వచ్చాడు. కత్తి తాడు మీద పడింది.

నీలాంకుడు ఎగిరి నావ అంచు అందుకున్నాడు. పోలాంబ సంకెళ్ళ చేతులతోనే వాణ్ణి లోపలికి ఈడ్చింది. నావ గట్టు విడిచి సుడి వైపు మళ్ళింది.

చక్రవర్తి గట్టు చివరిదాకా పరుగెత్తాడు. ఇంకో అడుగు వేస్తే కింద శూన్యమే. అక్కడ నిలబడి రెండు చేతులూ జోడించి, అంత మందిలో, ఒక రేవుకాపరి తమ్ముణ్ణి ఏదో అడిగాడు. మళ్ళీ అడిగాడు. మూడోసారి గొంతెత్తి అడిగాడు.

నీలాంకుడు లేచి నిలబడి, గొంతు చిరిగిపోయేలా, తంగేటిచుక్క మాటలో కేకవేశాడు.

"బతికే ఉంది. నీ బిడ్డ బతికే ఉంది."

కేక గట్టుకు చేరింది. చక్రవర్తి తల ఎత్తి, ఎవరన్నా అర్థం చెబుతారేమోనని చుట్టూ చూశాడు. శంఖపాలుడు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. జోడించిన చేతులు విడిపోయి పక్కలకు జారాయి. ఆయన అక్కడే, గట్టు మీద, కూలబడిపోయాడు.

సుడి అంచు నావను తాకింది. పలకలు కిరకిరలాడాయి. పోలాంబ తమ్ముడి భుజం పట్టుకుని ఆ ముసలాయన వైపే చూస్తోంది.

"ఏమడిగాడ్రా ఆయన?"

"తెలియదక్కా," అన్నాడు దుబాసి.

నావ ఒక్కసారి గిర్రున తిరిగింది. ఇద్దరూ పడకుండా ఒకరినొకరు పట్టుకున్నారు.